గాంధిమతికి బండి జ్వరం

నారాయణన్ వారానికి మూడు రోజులు తన పాత పికప్‌లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగరానికి మిరపకాయల మూటలు తోలతాడు. సాత్తూరు దాటగానే ఇంజన్ కాగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో అతని భార్య గాంధిమతికి జ్వరం వస్తుంది. పదకొండేళ్ళ క్రితం ఆ బండి కొన్న నాటి నుంచీ ఇదే వరస. ఆమె చాప పరిస్తే ఎదురింటి పుష్పం, "మీ ఆయన సాత్తూరు దాటినాడా?" అని అడిగి తన పని చూసుకుంటుంది.

కొత్తగా ఇంటికొచ్చిన బండికి తొలి గుక్క సొంత ఊరి నీళ్ళు పొయ్యడం వాళ్ళలో మర్యాద. నారాయణన్ ఆ మర్యాదను ఇప్పటికీ ఆపలేదు; రేడియేటర్లో ఎప్పుడూ సొంత ఊరి బావి నీళ్ళే పోస్తాడు. పుదూరు పక్కన అతని తండ్రి తవ్విన బావి అది. నల్లరేగడి నేల; ఆ ఉప్పునీళ్ళతో కందిపప్పు కూడా ఉడకదు. అయినా తండ్రి బావి తండ్రి బావే.

ఆ రోజు బండి విరుదునగరంలో ఆగిపోయింది. మెకానిక్ కుమారవేల్ అతని చిన్నాన్న కొడుకు. బెల్టు చూశాడు, పంపు చూశాడు, గొట్టాలు నొక్కాడు. అన్నీ బాగున్నాయి. వేడి చూపించే ముల్లు ఎన్నడో చచ్చింది. ఇక ఫోన్ తీశాడు.

"వదినా, ఆగిన ఇంజన్‌ను మళ్ళీ నడిపిస్తా ఉండా. మంట యాడుండాది? రొమ్ములోనా, తలలోనా?"

"యాడుంటే ఏమి?" గాంధిమతి గొంతులో ఓపిక లేదు.

"రొమ్ములో అయితే ఇంజన్ లోపలే పోయినట్టు. ఈ ముసలిదాన్ని విప్పేదానికన్నా తుక్కుకు తోసేది మేలు. తల కాగి కాళ్ళు చల్లగా ఉంటే, రేడియేటర్లో నీళ్ళు దిగడంలేదని. కడిగితే సరి."

తుక్కు అంటే తూత్తుకుడి. గాంధిమతి అక్క జెయంతి అక్కడ గది చూసిపెట్టింది, ఉప్పు కంపెనీలో నారాయణన్‌కు కాపలా పని కూడా. బండి చస్తే వస్తానన్నాడు నారాయణన్. అది బతికుండగా ఎవరి కిందా చేతులు కట్టుకోనన్నాడు.

'రొమ్ములో' అంటే చాలు. ఇంట్లో చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"వదినా, నిద్రపోయినావా?"

"ఉండు. నాకూ ముల్లు పనిచెయ్యలేదు."

అవతల భర్త గొంతు వినిపించింది. "దాన్ని తొందరపెట్టద్దురా. అది ఏం చెబితే అది. తుక్కంటే తుక్కే. పదకొండేండ్లు కాలింది, పాపం."

గాంధిమతి వంగి పాదాలు తడుముకుంది.

"తల మండతాది," అంది. "కాళ్ళు ఐసు మాదిరి ఉండాయి."

మధ్యాహ్నం మూడింటికి రేడియేటర్లోంచి తెల్లటి ఉప్పు పెచ్చులు గిన్నెడు రాలాయి.

"మా నాయన బావి నీళ్ళే కదరా పోసినా!"

"అదే అన్నా జబ్బు."

అదే సమయానికి కోవిల్‌పట్టిలో ఆమె పాదాలు వెచ్చబడ్డాయి. లేచి, తూత్తుకుడికని సర్దిపెట్టిన పెట్టెలోంచి భర్త చొక్కాలు తీసి దండెం మీద వేసింది. తన చీరలు తీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.