ఆయన కార్డు

మా ఆయన పోయిన పదకొండు రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చి, నా మొహం చూసి, తర్వాత ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మా తోడికోడలు వెంకటరావమ్మకు భయం పట్టుకుంది. దుఃఖం లోపలే దిగమింగితే మనిషికి మంచిది కాదని, నన్ను వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని కిలో ఉల్లిపాయలు కోసింది. వాటికీ రాలేదు. ఆవిడ మాత్రం బాగా ఏడ్చింది.

ఆయన పేరు శ్రీమన్నారాయణ. గుంటూరులో మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే చాలు, నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చేవి. ప్రతి తుమ్ముకీ "చిరంజీవ" అనేవారు. పదకొండు రోజులుగా మా ఇంట్లో ఎవరూ తుమ్మలేదు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆయనకు తిరుగుళ్ల పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే ఏదో ఒక ఊరు. మంగళగిరి, బాపట్ల. ఒకసారి తుళ్లూరు వెళ్లి, రాజధాని కడుతున్న క్రేన్లు చూసి, టీ తాగి వచ్చేశాం. నా పుణ్యమా అని సగం ఖర్చుకే దేశాటన చేస్తున్నానని పదిమందికీ చెప్పుకునేవారు. నేను ఏ వస్తువు ఎక్కడ పెడతానో నాకే తెలియదు కాబట్టి నా ఆధార్ కార్డు ఆయన చొక్కా జేబులోనే ఉండేది. కండక్టరు రాగానే ముందు నా కార్డు చూపించి, తర్వాత తన టికెట్ తీసుకునేవారు. నా పని కిటికీలోంచి చూడ్డమే.

పెద్దకర్మ అయిన మర్నాడు, పొదిలి నుంచి వచ్చిన మా తమ్ముడు కోటేష్ నన్ను నిద్రకు తీసుకెళ్తానన్నాడు. చావు జరిగిన ఇంటి మనిషిని దగ్గరివాళ్లు తమ ఇంటికి తీసుకెళ్లి, ఒక రాత్రి ఉంచుకుని పంపడం మాలో ఆచారం. సరేనన్నాను. అప్పటికి ఎవరేం చెప్పినా సరేనంటున్నాను. ఒంగోలు దాకా రైల్లో వచ్చి, అక్కడ పొదిలి బస్సెక్కాం. ముందు ఆడవాళ్ల సీట్లో నేను, వెనక వాడు.

ఊరు దాటాక కండక్టరమ్మాయి వచ్చి కార్డు అడిగింది. పర్సులోంచి తీసి ఇచ్చాను. ఆసుపత్రిలో, శ్మశానంలో, మున్సిపల్ ఆఫీసులో, ఇన్నాళ్లుగా అడిగిన ప్రతివాళ్లకీ తీసి ఇచ్చినట్టే.

ఆ అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది సార్‌దండీ. సార్ ఎక్కడ కూర్చున్నారు? ఆయనకి టికెట్ కొట్టాలి."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఊరికే చూడలేదు, వెతికాను. ఒక్కో సీటూ, ఒక్కో మొహమూ, నిలబడ్డవాళ్ల సందుల్లోంచి కూడా. రద్దీలో ఎక్కడైనా వెనక చిక్కుకున్నారేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చివరి సీట్లో కోటేష్ కనిపించాడు. నా చూపు వాడి మీద ఆగకుండా దాటిపోవడం చూసి, వాడు లేచి ముందుకొచ్చాడు. నాకూ తనకూ కలిపి రెండు టికెట్లు తీసుకున్నాడు.

నా కార్డు ఆయన నీలం గీతల చొక్కా జేబులో ఉంది. ఆ చొక్కా మిగతా బట్టలతో పాటు కర్మ రోజున ఎవరికో ఇచ్చేశాం. మూట కట్టింది నేనే. జేబులు చూడలేదు.

చీమకుర్తి వచ్చింది. రాళ్ల లారీలు వరసగా ఎదురొస్తుంటే కోటేష్ నా మీదుగా వంగి కిటికీ అద్దం మూశాడు. అప్పుడు నా మొహం చూశాడు.

"కళ్లల్లో దుమ్ము పడిందా అక్కా?"

"దుమ్ము కాదురా," అన్నాను. "మీ బావ బస్సెక్కలేదు."