రెక్క సందులో పతకం

మా కొడుకు ఇన్నయ్య విమానాల మెకానిక్కు. ఎనభై ఏడులో ఒక కొత్త విమానాన్ని పరీక్షకని మామునూరు విమానాశ్రయానికి తెచ్చారు. దాని ఇంజనూ పంకా వెనుక ఉంటాయి. వాడూ ఎక్కాలట. సద్ది ఇవ్వడానికి వెళ్లి, భయం ఆగక, మరియమాత పతకాన్ని దాని రెక్క సందులో దూర్చాను.

వాడు తింటూ అన్నాడు: "పంకా ఎనకుంటది గదా అవ్వా, ముందల ఏది ఊడినా పోయి దాన్నే తాకుతది. గులకరాయి తాకినా పగుల్తది."

చెబితే వాడి నౌకరీ పోతుందేమో, చెప్పకపోతే వాడే పోతాడేమో. ఇంతలో పైలట్ ఎక్కి కూర్చున్నాడు.

"ఆగు బిడ్డా! గా రెక్క సందుల మరియమాతను వెట్టిన!"

ఇన్నయ్య పతకం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంకేమన్న వెట్టినవా?"

"లేదు బిడ్డా."

అయినా వాడు ప్రతి సందూ మళ్లీ వెతికాడు. పైలట్ విసుక్కున్నాడు. నాకు మాత్రం ఇంకోసారి వెతికితే బాగుండుననిపించింది.