లచ్చన్న తాడు

దుబాయ్ అల్ కుసైస్‌లో ఊరికి వెళ్ళేవాళ్ళెవరైనా ముందు కార్గో దుకాణంలో లచ్చన్న దగ్గరికి రావలసిందే. పాలపొడి డబ్బాలు, సబ్బులు, దుప్పట్లు కూరిన అట్టపెట్టెకు అతను తాడు బిగించి, మార్కరుతో పేరూ ఊరూ రాసిస్తాడు. ఆ ముడి, మనిషి నిలవాల్సిన చోట తనంతట తనే ఊడిపోతుంది. ఇంకెక్కడా ఎవరివల్లా ఊడదు. అందుకే సెలవుకు వెళ్ళేవాళ్ళు పెట్టె కోయడానికి ఇంట్లో కత్తి సిద్ధంగా ఉంచమంటారు.

లచ్చన్న సొంత పెట్టె తాడు జగిత్యాల పక్కన తన ఊళ్ళో ఒక్కసారీ ఊడలేదు. భార్య కొమురవ్వ ప్రతిసారీ పెట్టె మూల కోసి సామాన్లు తీసేది. ముడితోనే వెనక్కి తెచ్చుకున్న తాడు కుసైస్ గదిలో అడుగుపెట్టగానే జారిపోయేది.

ఆ సాయంత్రం రేచెల్ పెట్టె తెచ్చింది. భీమవరం పిల్ల. హాస్పిటల్లో నర్సుగా చేసే పిన్ని ప్రేమకుమారి దగ్గరుండి ఫార్మసీ చదువుతోంది. పచ్చకామెర్లతో ఒక సెమిస్టరు పోయింది. ఇంతలో, కోర్సు గడువు దాటిన విద్యార్థులకు వీసా పొడిగించకూడదని ప్రతిపాదన వచ్చిందన్నారు. అది తేలేదాకా ఆమె ఫైలు పక్కన పెట్టారు. అప్పట్నుంచీ రేచెల్‌కి ముద్ద దిగడం లేదు. ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి పరిగెడుతోంది.

"మీ కాలేజీ పెద్దసారు, ముదీర్, ఖలాస్ అన్నడా బిడ్డా, అయిపోయిందన్నడా?"

"అనలేదు బాబాయ్. ఆగమన్నారు. ఈ ఆగడమే చంపేస్తోంది. ఆదివారంలోగా ఏ సంగతీ రాకపోతే వెళ్ళిపోవాల్సిందే. డిగ్రీ లేకుండా నాన్నకి ముఖమెలా చూపించను?"

లచ్చన్న కొత్త తాడు తీశాడు. కాసేపు చేతిలో పట్టుకుని పక్కన పెట్టేశాడు. స్టూలు కింద నుంచి వెలిసిపోయిన నీలం తాడు లాగాడు.

"అది మీ తాడు కదా! వచ్చే వారం మీరూ సెలవుకి వెళ్తున్నారుగా?"

"దీనికి ఈడనే ఊడుడు అలవాటు. నాకు ఆ కొత్తది ఉన్నది తియ్."

వద్దనాలని రేచెల్‌కి తెలుసు. కానీ పెట్టె అతని ముందుకు జరిపింది. అంత భయంగా ఉంది మరి.

పెట్టె పిన్ని ఇంట్లో తలుపు పక్కనే కూర్చుంది. రేచెల్ వచ్చేపోయేటప్పుడల్లా ముడి తడిమి చూసేది. రాయిలా ఉండేది. ఆదివారం రానే వచ్చింది, కాలేజీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. టాక్సీ కింద ఆగింది.

"పట్టవే, దించుదాం," అంది పిన్ని.

ఇద్దరూ పెట్టె ఎత్తారు. తాడు చీర కుచ్చిళ్ళు జారినట్టు జారి నేలమీద పడింది.

"స్తోత్రం ప్రభువా," అని పిన్ని పెట్టె దించేసి, టాక్సీని పంపించి, పొయ్యి మీద అన్నం పడేసింది. అది ఉడికే లోపే కాలేజీ నుంచి ఫోన్. ప్రతిపాదన ఆగిందట, రేచెల్ వీసా పొడిగిస్తారట.

మరుసటి వారం లచ్చన్న సెలవు మీద వెళ్ళాడు. చేరాడో లేదో కనుక్కుందామని రేచెల్ ఫోన్ చేస్తే కొమురవ్వ ఎత్తింది.

"చేరిండు బిడ్డా. నేను కత్తి తెచ్చెలోపట్నే తాడు గడప కాడ ఊడి పడ్డది." ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

రేచెల్, "బాబాయ్‌ని ఒక్కసారి పిలుస్తారా?" అంది.

"తింటున్నడు. నిదానంగ తిననియ్ బిడ్డా. ఇగ ఏడికి పోయేది లేదు."