చిప్ కనబడుట లేదు

అయినా ఇంత చిన్న స్క్రూ చేసినవాడి వేళ్లు ఎలా ఉంటాయో, ధాన్యం ఎత్తి నిలవచేసే ఎలివేటర్‌లో పనిచేసే రోజుల్లో తను విప్పిన బోల్టులైతే పిడికిలంత ఉండేవి, పట్టుకుంటే పట్టుకున్నట్టుండేది, అనుకుంటూ ఒరెస్ట్ ల్యాప్‌టాప్ అడుగు మూతను మళ్లీ బిగించాడు, బ్యాటరీ తీసి పెట్టడం అయింది, బటన్ నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వడం అయింది, సెక్యూరిటీ చిప్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ఊడి పడేది కాదు, మరి ఎక్కడికి పోతుంది, తెర మీద మాత్రం పొద్దుట్నుంచీ అదే మాట, చిప్ కనబడుట లేదు, తప్పిపోయిన మనిషి గురించి పేపర్లో వేసినట్టు, మధ్యాహ్నం రెండింటికి భార్య వెర్నాకు ఇందులోనే ఆన్‌లైన్ పరీక్ష, ఆ చిప్ కనబడితే గాని పరీక్ష తెరుచుకోదట, ఇవాళ తప్పితే మళ్లీ శీతాకాలం దాకా లేదట, పైన వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన, పిండిలో బంగాళాదుంప కూరి ఉడికించే పెరోగీలు చేస్తోంది, పరీక్ష పెట్టుకుని వంటేమిటి, తనకోసమే, పొద్దుట్నుంచీ బేస్‌మెంట్‌లో కష్టపడుతున్నాడు పాపం అని.

దుబాసీ పరీక్ష, యుద్ధం తరిమితే యార్క్‌టన్ ఊరికి వచ్చిపడ్డ కుటుంబాలకు ఆస్పత్రిలో, కోర్టులో పక్కన కూర్చుని మాట సాయం చేసే పని, వెర్నాకు వాళ్ల నాయనమ్మ నేర్పిన ఉక్రేనియన్, ఆ కొత్త పిల్లలు విని పడీపడీ నవ్వుతారు, ఆంటీ, మీరు అచ్చం మా ముత్తవ్వలా మాట్లాడతారు అని, ఆమె కూడా నవ్వి ఏడాదంతా కూర్చుని కొత్త మాటలు నేర్చింది, గుండె నాళాలనేమంటారు, జామీనునేమంటారు, తనకు ఆ భాషలో వచ్చింది ఒక ప్రార్థనా నాలుగు బూతులూ, అయినా పొద్దున ఆమె ఈ ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టగానే, మూతైనా తెరవకుండా, ఏం చేశావ్ దీన్ని అన్నాడు, ఏమో ఒరెస్ట్, నిన్న సోఫా మీద పెట్టాను, వేడెక్కిందో ఏమో, నేనే ఏదో నొక్కేసి ఉంటాను అంది, నీ చెయ్యి పడితే టోస్టరు కూడా ఏడుస్తుంది అన్నాడు తను, ఆమె నవ్వింది, నవ్విందనే అనుకున్నాడు.

ఇక మిగిలింది ఆ లోపలి సెటప్ మెనూ ఒక్కటే, మెనూలు చూసుకునేది చేతకానివాళ్లని తనకో నమ్మకం, స్క్రూడ్రైవర్ పట్టినవాడు విప్పుతాడు గాని చదవడు, సరే చూద్దామని బాణం గుర్తు నొక్కుకుంటూ కిందికి దిగాడు, సెక్యూరిటీ అన్న వరసలో చిప్ పేరుంది, దాని ఎదురుగా హిడెన్ అని ఉంది, పాడైందని లేదు, లేదని లేదు, దాచి ఉంచారని ఉంది, చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది, ఎవరు దాచారు, వెర్నా ఈ మెనూలోకి జన్మలో రాదు, అప్పుడు గుర్తొచ్చింది, జనవరి, బయట ఎముకలు కొరికే చలి, బావమరిది లైల్ బీరు డబ్బా పట్టుకుని, బావా, ఇది ఆన్ అయ్యేలోపు గడ్డం గీసుకొచ్చెయ్యొచ్చు అన్నాడు, చూడు ఎలా పరుగెత్తిస్తానో అని తను ఇందులోకి దూరి, అక్కర్లేనివన్నీ పీకేస్తున్నా అంటూ ఒక్కొక్కటే మార్చాడు, పేర్లు చదవనైనా లేదు, వెర్నా వెనక నిలబడి, అవి మార్చొచ్చా ఒరెస్ట్ అంది, తెలియనివాటిలో వేలు పెట్టకు అన్నాడు తను, వేగం వీసమెత్తు పెరగలేదు, ఆ చిప్‌తో ఇవాళ్టి దాకా పనీ పడలేదు, లైల్ మాత్రం గొప్పగా తలూపాడు.

వేడిగాలి గొట్టంలోంచి పైన మాట్లాడేదంతా కిందికి వినిపిస్తుంది ఈ ఇంట్లో, వెర్నా ఫోన్‌లో, పరీక్ష ఆఫీసు కాబోలు, తప్పు నాదేనండి, ఏదో నొక్కేశాను, మా ఆయన పొద్దుట్నుంచీ దాని ముందే కూర్చున్నాడు, ఎన్నిసార్లు చెప్పినా నాకు బుర్రకెక్కదు, కాస్త ఆలస్యమైతే రానిస్తారా మేడమ్, క్షమించండి, ఒరెస్ట్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, తేలు కుట్టిన దొంగలా కదలక మెదలక కూర్చున్నాడు, ఆ మేడమ్ ఏమందో, అయ్యో మీ తప్పేముందమ్మా అని ఒక్కసారైనా అందో లేదో, అనకపోతే అనవలసినవాడు ఇక్కడ కింద నోరు మూసుకుని ఉన్నాడు.

హిడెన్ తీసి అవైలబుల్ పెట్టాడు, సేవ్ చేశాడు, ల్యాప్‌టాప్ ఆరి వెలిగింది, చిప్ కనబడింది, ఎప్పుడూ ఎక్కడికీ పోనట్టే, ఇంతేనా, ఇప్పుడేం చెప్పాలి, లోపల ఏదో వదులైంది, బిగించాను అంటే సరి, వెర్నా తనను వాటేసుకుంటుంది, ఆదివారం చర్చి హాల్లో పదిమందికీ చెబుతుంది, మా ఒరెస్ట్ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా అని, అబద్ధం ఎంత నున్నగా వచ్చేసిందో చూసి తనకే జంకు పుట్టింది, ఇది మొదటిది కాదు గనక, ఒక ఏడు వ్యాన్ బ్యాటరీ చచ్చిపోతే లైటు ఆర్పలేదని ఆమెను చర్చి మెట్ల దగ్గర అందరి ముందూ కడిగేశాడు, ఆర్పనిది తనేనని సాయంత్రానికి తెలిసింది, తెలిసీ ఊరుకున్నాడు, ఆ చలికాలమంతా ఆమె పడుకోబోయే ముందు కోటు తొడుక్కుని, మంచులో వ్యాన్ దాకా వెళ్లి లైటు చూసుకుని వచ్చేది, తను దుప్పటి కప్పుకుని ఆ బూట్ల చప్పుడు వినేవాడు, ఛీ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, వెర్నా, చేతిలో పెరోగీల పళ్లెం, తిని చెయ్యి ఒరెస్ట్, పరీక్ష పోతే పోయింది, శీతాకాలానికి రాసుకుంటాలే, అంటోంది, బాగయింది అన్నాడు, అసలు పాడవలేదు, నేనే దాచేశాను, జనవరిలో, లైల్ ముందు గొప్పకు పోయి, నువ్వేం చెయ్యలేదు వెర్నా, టైముంది, తీసుకెళ్లి రాసుకో, ఇప్పుడు తిడుతుంది, తిట్టాలి, పళ్లెం విసిరికొట్టినా సరే పడాలి అనుకున్నాడు, ఆమె ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది, పర్లేదులే, నేనే ఆవేళ ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది, నీకు కోపం వస్తుందని ఊరుకున్నాను అంది, ఇది కూడా తన తప్పులోనే కలిపేసుకుని, పక్కనే తెర వెలుగుతోంది, ఏడాది చదువు అందులో ఉంది, ఆమె అటు చూడటం లేదు, బట్టలు ఆరేసేముందు మబ్బు చూసినట్టు తన ముఖంలోకి చూస్తోంది, కనుబొమలు చూస్తోంది, దవడ చూస్తోంది, ఈ చూపు తనకు కొత్త కాదు, రోజూ చూసేదే, ప్రేమనుకున్నాడు, అణకువనుకున్నాడు, యంత్రాలంటే బెదురనుకున్నాడు, వెర్నాకు తనంటే భయం.