రెండు వీధుల అవతల మోటెల్

డ్రయ్యర్‌లోంచి తీసిన దుప్పట్లు ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి మడతపెడుతున్న చాముండేశ్వరికి ముందు గదిలోంచి భర్త గొంతు వినిపించింది. మోటెల్ చూడ్డానికొచ్చిన స్నేహితుడితో ధర్మారావు నవ్వుతూ అంటున్నాడు: "మా ఆవిడా? ఏం చెయ్యదండీ. ఊరికే నాకు తోడుంటుంది."

ఊరికే! వాళ్ళు అమెరికాలో సముద్రం ఒడ్డునున్న ఈ మర్టిల్ బీచ్‌కి వచ్చినప్పుడు ఈ వీధిలో రంగు వెలిసిన మోటెళ్ళు తప్ప ఏమున్నాయి? ఇప్పుడు ఎటు చూసినా క్రేన్‌లే. సముద్రం కనపడకుండా లేచిన టవర్లు, వేసవి వస్తే ఒహాయో నుంచీ న్యూయార్క్ నుంచీ కార్ల బారులు. ఊరు పెరిగినకొద్దీ ఆమె పనీ పెరిగింది. తెల్లారకముందే గదుల్లోవాళ్ళ టిఫిన్‌కి వాఫిల్ పిండి కలపడం, గదులు సర్దడం, తాళాలు పోగొట్టుకున్నవాళ్ళకి తలుపులు తీయడం, ఆన్‌లైన్ రివ్యూలకి ధర్మారావు పేరుతో జవాబులివ్వడం, మధ్యలో వంట, పిల్ల స్కూలు. అత్తగారు ఫోన్‌లో "వాడొక్కడే అంత బిజినెస్ లాక్కొస్తున్నాడు, వేళకింత పెట్టు తల్లీ" అన్నప్పుడల్లా ఊఁ కొట్టింది. ఇవాళ మాత్రం ఆ ఊఁ ఇక చాలనిపించింది.

ఒడ్డున కొత్తగా కట్టిన పెద్ద హోటల్‌లో ఉద్యోగాలకి ఆ రోజే ఇంటర్వ్యూలు. "అమ్మా, వెళ్ళు! నువ్వు సూపర్‌గా చేస్తావ్" అని కూతురు అదితి వారం నుంచీ పోరుతోంది. చాముండేశ్వరి దుప్పట్లు అలాగే వదిలేసి, జుట్టు ముడేసుకుని బయల్దేరింది. రెండు వీధులే. నడిచే వెళ్ళింది.

"ఇంతకుముందు ఏం చేసేవారు?" అనడిగింది ఇంటర్వ్యూ చేస్తున్న డెనీస్.

ఏమని చెప్పాలి? ఆ పనికి ఎవరూ పేరు పెట్టలేదే!

"మేనేజర్‌ని" అంది. అనగానే ఒళ్ళు జల్లుమంది. ఇక మాటలు ఆగలేదు. తుఫాను హెచ్చరికకి ఊరు ఖాళీ అవుతుంటే గదుల్లోవాళ్ళందరినీ ఎలా ఊరు దాటించిందో, ఒకే గదికి రెండు కుటుంబాలొచ్చి అరుచుకుంటే అందరినీ ఎలా నవ్వించి పంపిందో చెబుతుంటే, ఇదంతా చేసింది నేనేనా అని తనకే ముచ్చటేసింది. డెనీస్ లేచి చెయ్యి చాచింది. "సోమవారం నుంచి రాగలరా?"

తిరిగొచ్చేటప్పుడు దాదాపు పరిగెత్తింది. గాలికి ముడి ఊడిపోయింది. పోనీలే అనుకుంది.

డెస్క్ దగ్గర ధర్మారావు చెమటలు తుడుచుకుంటున్నాడు. "ఎక్కడికెళ్ళావ్? ఇక్కడ చెక్-ఇన్‌కి జనం!"

చెప్పింది. సోమవారం నుంచే ఉద్యోగానికి రమ్మన్నారని కూడా.

"జోకా? సీజన్ మధ్యలోనా? మరి నీ పని ఎవరు చేస్తారు?"

"మనిషిని పెడదామండీ."

"పెడితే ఒక్కళ్ళతో అవుతుందా?" అనేసి, తనన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

"అవదు, ముగ్గురు కావాలి" అంది చాముండేశ్వరి, ఉత్సాహంగా డెస్క్ వెనక్కి వస్తూ. "ఇంటర్వ్యూలు నేను చేస్తాను."