దాసన్న ముట్టని తీపి

కమలాపురం సంతలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏసురాజుకు దాసన్నను చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళి మాట అడగడానికి వచ్చినవాడికి పిల్ల పెద్దనాయన మీద ఒళ్ళు మండకూడదు, నిజమే. కానీ ఎంతని ఓర్చుకుంటాడు? తెల్లవారినప్పటి నుంచి ఆ మనిషి తింటున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, లేచి కంపచెట్ల చాటుకు పోయి వస్తున్నాడు, వచ్చి మళ్ళీ తింటున్నాడు. మాట మాత్రం ఇవ్వడం లేదు.

ఇంకా తెల్లదొరలే ఏలుతున్న రోజులవి. ఏసురాజు ఎర్రగుంట్ల దగ్గర గనిలో బండలు తీసే మనిషి. కలరా ఏడాది అమ్మానాయనా ఇద్దరూ పోతే మిషను బడివాళ్ళు సాకారు. అన్నదమ్ములు లేరు, మేనమామ లేడు, తన తరఫున నాలుగు మాటలు చెప్పే పెద్దమనిషంటూ ఎవరూ లేరు. కోతల పండుగ నాడు చర్చిలో రత్నమణిని చూశాడు. ఆ పిల్లకూ తండ్రి లేడు, పెద్దనాయన దాసన్న ఇంట్లోనే పెరిగింది. తనంటే ఆ పిల్లకు ఇష్టమేనని ఆమె స్నేహితురాలి నోట విన్నాక ఏసురాజుకు కంటి మీద కునుకు లేదు. ఇక మిగిలింది దాసన్న మాట ఒక్కటే. సంతకు రమ్మని, అక్కడ మాట్లాడుకుందామని దాసన్నే కబురు పంపాడు.

సంతలో మాట కలుపుకోవడం ఆ చుట్టుపక్కల వాళ్ళకు మామూలే. ఒకరి గడప ఒకరు తొక్కకముందు, పిల్లవాడి తరఫువాళ్ళు పిల్ల తరఫు పెద్దను సంతలో తిప్పి, అడిగింది పెడతారు. ఎంత తిన్నా తప్పు లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చివరికి పిల్లవాడి చేతి నుంచి తీపి అందుకుని నోట్లో వేసుకున్నాడంటే పిల్లను ఇచ్చినట్టే. ఇప్పుడు వద్దులే అన్నాడంటే ఇవ్వనన్నట్టే. నోటితో చెప్పే పని లేకుండా, ఎవరి ముఖమూ చిన్నబోకుండా ఎప్పటి పెద్దలో పెట్టిన పద్ధతి. బాగానే ఉంది, ఎటొచ్చీ దాసన్న తీపి తీసుకోడు, వద్దనీ అనడు.

ఏసురాజు పొద్దున్నే, సంత సరిగ్గా కూడకముందే, ఖాసిం సాహెబ్ అంగట్లో కజ్జికాయలు పొట్లం కట్టించుకున్నాడు. పచ్చికొబ్బరీ బెల్లమూ దట్టంగా కూరిన కజ్జికాయలు. ఆ పొట్లాన్ని తుండుగుడ్డలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆకు దాటి నూనె కారి తుండు తడిసింది. రెండు మూడు చీమలు కూడా చేరాయి.

మొదట ఉగ్గాని తిన్నారు. నానబెట్టిన బొరుగులు పిండి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు వేసి ఇచ్చాడు ఓబన్న. ఆ ఓబన్న అంగడి సంత మొదట్లోనే, బండ్లు విప్పే చోటుకు దగ్గరగా ఉంటుంది. దాసన్న ఆవురావురుమని తిన్నాడు. ఇదే అదనని ఏసురాజు చంకలో పొట్లం విప్పబోయాడు. దాసన్న చెంబెడు నీళ్ళు గటగటా తాగి, ఇప్పుడే వస్తానని కంపచెట్ల వైపు నడిచాడు. తిరిగొచ్చాక అలసంద వడలు ఎక్కడ బాగుంటాయని అడిగాడు.

సరే, అలసంద వడలు. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, అల్లం ఘాటు ముక్కుకెక్కేలా ఉన్నాయి. ఇంకోరోజైతే ఏసురాజు ఒక్కడే బుట్టెడు తినేసేవాడు. ఇవాళ ఒక్కటి కొరికి పక్కన పెట్టాడు. నోరు తీపి చేసుకుందామా దాసన్నా అని మెల్లిగా కదిలించాడు. దాసన్న విననట్టే ఉండి గని సంగతులు ఎత్తుకున్నాడు. బండ మీద పడి ఎవరిదైనా కాలు విరిగితే మీరేం చేస్తారని అడిగాడు. పెళ్ళి మాటల్లో విరిగిన కాళ్ళ ఊసు ఎందుకో ఏసురాజుకు అర్థం కాలేదు. ఈమధ్యే ఒకడి కాలు విరిగిందని, తలా ఇంత వేసుకుని వాడి కుటుంబానికి కూడు పెడుతున్నామని పొడిగా చెప్పి ఊరుకున్నాడు. దాసన్న తల ఊపి ఇంకో చెంబు నీళ్ళు తెప్పించుకున్నాడు.

ఆ నీళ్ళ కోసం బావికీ అంగళ్ళకీ మధ్య తిరిగి తిరిగి ఏసురాజు కాళ్ళు పీక్కుపోయాయి. నన్నారి షర్బత్తు అమ్మేవాడు ఎదురొస్తే, దాహమన్నా తీరుతుంది, తియ్యగానూ ఉంటుందని ఆశపడి లోటా నింపించి అందించాడు. దాసన్న ఆ లోటాను చూసిన చూపు ఏసురాజు మర్చిపోలేడు. చేయి కొంచెం ముందుకు వచ్చింది కూడా. అంతలోనే వెనక్కి లాక్కుని, ఇవన్నీ మనకు పడవులేప్పా, మంచినీళ్ళు తే అన్నాడు.

అక్కడ తేలిపోయింది ఏసురాజుకు. ఇవ్వడం ఇష్టం లేదు. ఇష్టం లేనివాడు ఆ ముక్క చెప్పి పోవచ్చు కదా. తల్లీతండ్రీ లేనివాడంటే అలుసు. వెనకాల ఒక పెద్దమనిషి ఉండి ఉంటే ఇట్లా ఆడించేవాడా?

అబీదా బీ గుడారంలో రాగి సంగటీ బోటి కూరా తిన్నారు. సంగటి ముద్దలో గుంత చేసి కూర పోయించుకుని, చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాడు దాసన్న. ఆ పక్కన ఎర్రకారం పూసిన దోసె తిన్నాడు. ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి కుంటుకుంటూ నడిచాడు. ఎడమ కాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఏమైందని అడిగితే ముల్లు గుచ్చుకుందన్నాడు. ఇంత కుంటేవాడికి ఇన్ని అంగళ్ళు తిరిగే ఓపిక ఎక్కడిదని ఏసురాజు పళ్ళు నూరుకున్నాడు.

దారిలో గాజుల అంగడి దగ్గర దాసన్న పెళ్ళాం విశ్వాసమ్మ, ఆమె పక్కన రత్నమణి కనిపించారు. రత్నమణి గాజులు బేరమాడుతున్నట్టు వంగి ఉంది గానీ చూపు గాజుల మీద లేదు. ఏసురాజు చంకలోని తుండు వైపు చూసింది. పొట్లం ఇంకా కట్టినట్టే ఉంది. ఆ పిల్ల ముఖం వాడిపోవడం అంత దూరం నుంచే కనిపించింది వాడికి.

తిరిగి తిరిగి మళ్ళీ ఓబన్న అంగడికే వచ్చారు. బజ్జీలు ఇంకో రెండు తిందామన్నాడు దాసన్న. ఏసురాజు ఇక ఆగలేకపోయాడు. తుండు విప్పి, పొట్లం తెరిచి, ఉన్నవాటిలో నలగని కజ్జికాయ ఏరి చేత్తో పట్టుకుని దాసన్న ముందుకు చాపాడు. దాసన్న దానివంక చూస్తూ కూర్చున్నాడు. చాపిన చేయి లాగుతోంది. ఓబన్న బజ్జీలు తిప్పడం ఆపి చూస్తున్నాడు. చుట్టూ తింటున్నవాళ్ళు కూడా చూస్తున్నారు.

"ఓబన్నా, ఇంగో బజ్జి ఎయ్యి," అన్నాడు దాసన్న.

"ఇయ్యనంటే ఇయ్యనని చెప్పు దాసన్నా," అన్నాడు ఏసురాజు. "అమ్మానాయనా లేనోడు, అడిగే దిక్కు లేదని పొద్దున్నించీ తిప్పుకుంటాండావు. కడుపు నింపుకోను నేనే దొరికినానా నీకు?"

అనకూడని మాట. పెట్టిన తిండిని ఎత్తి చూపడం కంటే చిన్నతనం ఇంకోటి లేదు, అదీ పెళ్ళి మాటల్లో. అన్న మరుక్షణమే ఏసురాజుకు తెలిసింది. కానీ నోటి నుంచి వచ్చేసింది కదా, ఏం చేస్తాడు.

దాసన్న చేతిలో ఆకు కింద పెట్టాడు. కోపంగా లేచిపోతాడని అందరూ అనుకున్నారు. లేవలేదు. వంగి, బొటనవేలికి చుట్టిన గుడ్డ విప్పాడు. వేలు నల్లబడి, పక్కన పుండు పచ్చిగా ఉంది.

"ముల్లు కాదప్పా," అన్నాడు, ఏసురాజుకు మాత్రమే వినపడేటట్టు. "చక్కెర జబ్బు. తీపి ముడితే ఈ పుండు మానదు, కాలు తీసేయాల్సి వస్తాదని మిషనాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మా నాయనా ఇట్లనే కాలు కుళ్ళి పోయినాడు. పిల్లది మా రక్తమే కదా. ఈ సంగతి తెలిస్తే నువ్వు యాడ ఎనక్కి పోతావో అని చెప్పలేకపోతి. తినకుంటే మాట లేదు, తింటే కాలు లేదు. ఏం చేయల్లో దిక్కు తెలీక తిరుగుతాండా."

ఏసురాజుకు దాసన్న పొద్దుటి నుంచి తాగిన నీళ్ళు, కంపచెట్ల చాటుకు పోవడాలు, షర్బత్తు మీద పడ్డ చూపు, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆ కాలితో సంతంతా తిరిగాడీ మనిషి. తానేమో పళ్ళు నూరుకున్నాడు.

"కాలిరిగినోని మాట చెప్పినప్పుడే నీ మంచితనం నాకు తెలిసిపాయ," అన్నాడు దాసన్న. "ఈ ఒక్కదానికి కాలు పోతే పోనీ. తే."

ఏసురాజు చేతిలోని కజ్జికాయ తీసుకుని నోటి దాకా ఎత్తాడు. అంతే, ఏసురాజు ఆలోచించనే లేదు, విసురుగా ఆ చేతి మీద కొట్టాడు. కజ్జికాయ ఎగిరి దుమ్ములో పడి పగిలింది. కొబ్బరీ బెల్లమూ మట్టిలో చెదిరాయి.

"ఏంపని చేసినావప్పా," అన్నాడు ఓబన్న పొయ్యి వెనక నుంచి. "నోటికాడి తీపి కొట్టేస్తివే. మాట ఇరిగిపాయ కదా."

అప్పుడు తెలిసింది ఏసురాజుకు తానేం చేశాడో. ఇచ్చిన తీపిని పిల్లవాడే నోటి దగ్గర తీసేశాడంటే, నీ పిల్ల నాకొద్దన్నట్టు. పొద్దుటి నుంచి ఏ మాట కోసం ప్రాణం పెట్టి తిరిగాడో దాన్ని తన చేత్తోనే దుమ్ములో పడేశాడు. తల ఎత్తితే అవతల వరసలో గాజుల అంగడి ముందు రత్నమణి నిలబడి ఉంది. దాసన్న కాలికి గుడ్డ లేదు, తీపి నేల మీద ఉంది. ఆ రెండే ఆమెకు కనిపించాయి, మాటలేవీ వినిపించలేదు. జబ్బు సంగతి తెలిసి వద్దనుకున్నాడని అనుకోకుండా ఎట్లా ఉంటుంది? పెద్దమ్మ చేయి విడిపించుకుని బండ్ల వైపు చరచరా నడిచిపోయింది.

ఏసురాజు తల పట్టుకున్నాడు. ఏది చేసినా తప్పే అవుతోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

దాసన్న మాత్రం గుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ నవ్వుతున్నాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. తన ఆకులో మిగిలిన బజ్జీలను ఏసురాజుకు చూపించి, ఒకటి నీ చేత్తో పెట్టమన్నాడు. ఏసురాజుకు అర్థం కాక చూస్తూ ఉంటే తానే ఆ చేయి లాక్కుని, బజ్జీ నోట్లో పెట్టించుకుని నమిలాడు. కారానికి ముక్కు ఎగపీల్చాడు.

"ఇచ్చినా, పో," అన్నాడు. "తీపితోనే ఇయ్యల్లని యాడుండాది? ఓబన్నా, నువ్వు సాక్షి. నాకు చెప్పుకోడం కాదప్పా, బండి కట్టేలోపు ఆ పిల్లకు చెప్పుకో."

"మామా," అన్నాడు ఏసురాజు. ఆకులో మిగిలిన ఒక్క బజ్జీ తీసుకుని పరుగెత్తాడు. చిక్కిపోయిన కోళ్ళ గంపలూ చెనిక్కాయల కుప్పలూ దాటుకుంటూ, ఎవరో తిడుతున్నా వినకుండా బండ్ల దగ్గరికి చేరాడు.

రత్నమణి బండి చక్రం పట్టుకుని అటు తిరిగి ఉంది. రొప్పుతూ నిలబడ్డ మనిషి అలికిడి విని కూడా ఇటు తిరగలేదు.

"మా పెద్దనాయన చెప్పినాడా నీకు?" అంది.

"చెప్పినాడు. తింటే కాలు పోతాదని కొట్టినా. నువ్వొద్దని కాదు."

ఆమె ఇటు తిరిగి, "రేపు నాకూ వస్తే?" అని అడిగింది.

పొద్దుటి నుంచి అడిగీ అడిగీ విసిగిన ఏసురాజును ఇప్పుడు ఒకరు అడుగుతున్నారు. గొప్పగా ఏదైనా చెప్పాలనిపించింది గానీ గొప్ప మాటలేవీ తోచలేదు.

"గనిలో కాలిరిగినోనికే పెడతాండామే. నీకు పెట్టనా?" అన్నాడు.

రత్నమణి వాడి చేతిలో నలిగిపోయిన బజ్జీ వైపు చూసింది. ఏం తెచ్చావని అడగలేదు. అందుకుని సగం కొరికింది. మిరపకాయ గింజలతో సహా నోట్లోకి పోయింది కాబోలు, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నోరు చేత్తో విసురుకుంటూ, నీళ్ళు తెమ్మని సైగ చేసింది. ఏసురాజు చెంబు కోసం బండ్లలో వెతికి, ఆ రోజు ఎన్నోసారో లెక్క లేదు, మళ్ళీ బావి దగ్గరికి పోయాడు.