లిఫ్టు బాగుంటేనే కాలేజీ

మొదటి కాలేజీ తలుపు దగ్గర పోయింది. రెండోది కాగితం దగ్గర పోయింది.

రెండూ లిఫ్టు గొడవలే. అమ్మాయి తండ్రి లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. పదిహేనేళ్ళు మెకానిక్కుగా గ్రీజులో మునిగి తేలి, మూడేళ్ళ కిందట ఆఫీసులో కుర్చీ ఎక్కాడు. ఒళ్ళు కుర్చీ ఎక్కింది కానీ మనసు లిఫ్టులోనే ఉండిపోయింది. ఏ భవనానికి వెళ్ళినా ముందు బటను నొక్కి, గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. ఆ తర్వాతే ఆ భవనంలో మనుషులున్నారని గమనిస్తాడు.

కొత్తగా చేరబోయే పిల్లల కుటుంబాలను పిలిచి తమ కాలేజీ చూపించడానికి ప్రతి కాలేజీ ఓ రోజు పెడుతుంది. వచ్చినవాళ్ళలో కొందరు పచ్చిక చూస్తారు, కొందరు ప్రిన్సిపాలు కోటు చూస్తారు. ఈయన లిఫ్టు చూశాడు. మొదటి కాలేజీలో తలుపు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుని, ఇంకోసారి ఆలోచించి మూసుకుంది. "దీనికే ఒక నిర్ణయం లేదు. వీళ్ళు పిల్లకేం నేర్పుతారు" అన్నాడు. రెండో కాలేజీ లిఫ్టులో అతికించిన తనిఖీ కాగితానికి నాలుగు నెలల కిందటే గడువు తీరిపోయింది. "లిఫ్టును పట్టించుకోనివాళ్ళు పిల్లల్ని పట్టించుకుంటారా?" అన్నాడు. అక్కడితో తీర్పు అయిపోయింది. ఆయన తల్లి కూడా అవునంది. మొదటి కాలేజీ తలుపు ఆవిడ మోచేతికి తగిలింది మరి.

ఆయన భార్య ఈ తీర్పులు విని లోపల నవ్వుకునేది కానీ, పూర్తిగా నవ్వడానికి మొహం చెల్లేది కాదు. తను కూడా డిగ్రీ చదివిన మనిషి. అయినా ఆమె కాలేజీల్లో చూసేది ఒక్కటే: ఆడపిల్లల బాత్రూములో సబ్బు. సబ్బు లేకపోతే సరే, చెప్పేదేముంది. సబ్బు మీద కంపెనీ అక్షరాలు ఇంకా అరగకుండా ఉంటే మాత్రం అది ఆ రోజు పొద్దునే పెట్టింది. అలాంటి చోట మిగతావి కూడా ఆ పొద్దునే పెట్టి ఉంటారని ఆమె నమ్మకం. రెండు కాలేజీల్లోనూ అక్షరాలు స్పష్టంగా చదవడానికి వీలుగా ఉన్నాయి.

మిగిలింది మూడో కాలేజీ. అమ్మాయికి మొదటినుంచీ కావలసిందీ అదే. ఆ పిల్లకు రాళ్ళంటే ప్రాణం. ఎక్కడికెళ్ళినా జేబులో నాలుగు రాళ్ళు వేసుకుని వచ్చేది, అవి వాషింగ్ మిషన్లో పడి డబడబలాడేవి. రాళ్ళ గురించి, భూమి పొరల గురించి చదువు చెప్పేది ఆ చుట్టుపక్కల ఈ ఒక్క కాలేజీయే. ఫారం మీద తండ్రి సంతకం పెట్టించి, ఆ రోజు సాయంత్రం ఐదులోగా అక్కడి ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే వాళ్ళ వీధి చివరి కాలేజీలో చేరాలి. అక్కడ కామర్సు తప్ప ఇంకోటి లేదు. పైగా దాని కిటికీల్లోంచి చూస్తే వీళ్ళ డాబా మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి.

"అమ్మా, ఒక చిక్కుంది" అంది కూతురు బయలుదేరే ముందు, చెప్పులు వేసుకుంటూ. "నా డిపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉందట."

"రాళ్ళను తీసుకెళ్ళి నాలుగో అంతస్తులో పెట్టారా?"

"పెట్టారు. వాటిని లిఫ్టులోనే పైకి తీసుకెళ్తారట."

తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ రాళ్ళు మోసే లిఫ్టు ఎలా ఉంటుందో చెప్పడానికి సూపర్‌వైజరు అక్కర్లేదు.

"మీ నాన్నను మెట్లెక్కిస్తాను. నానమ్మను కింద కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించే పని నీది" అంది తల్లి.

కాలేజీ పాతది. గేటు దగ్గర రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె గైడుగా నిలబడి ఉంది. కుటుంబాల వైపు తిరిగి మాట్లాడుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. "ఎడమ వైపు గ్రంథాలయం" అంటూ ఒక కుండీని, "కుడి వైపు ప్రయోగశాలలు" అంటూ ఒక సైకిలును తప్పించుకుంది.

"ఈ పిల్లకి ముందుకు నడవడం రాదా?" అంది అత్తగారు. "రెండేళ్ళు చదివి నేర్చుకున్నది ఇదా?"

"అది పద్ధతి, నానమ్మా. మనకు వీపు చూపించకూడదని."

"పడితే పగిలేది వీపే కదే."

పక్కన నడుస్తున్న ఒకాయన తన కొడుకుతో, "గైడు రెండుసార్లు ఆవులించింది. ఇక్కడ చదువు సాగదు" అన్నాడు. ఆ కుటుంబం అక్కడినుంచే గేటు వైపు తిరిగిపోయింది.

అమ్మాయి తల్లి మాత్రం గ్రంథాలయం పక్కనున్న బాత్రూములోకి తొంగి చూసి వచ్చింది. సబ్బు అరిగి అరిగి కాగితంలా పల్చబడింది. అది జారిపోకుండా దారంతో కుళాయికి కట్టి ఉంది. రోజూ చేతులు కడుక్కునేవాళ్ళున్నారు, కట్టేవాళ్ళూ ఉన్నారు. ఆమెకు ఆ క్షణమే కాలేజీ నచ్చేసింది. నచ్చాక భయం రెట్టింపయింది.

మెట్ల దగ్గరకు వచ్చేసరికి అత్తగారు కుర్చీ వద్దంది.

"నా మనవరాలు చదివే గది నేను చూడొద్దా? ఆ టీ మీరే తాగండి. అదుగో లిఫ్టు ఉందిగా."

లిఫ్టు అన్న మాట చెవిన పడగానే సూపర్‌వైజరు ముఖం వెలిగింది. అడుగు అటు పడింది.

"ఏమండీ, మనం మెట్లెక్కుదాం. మీరు మెట్లెక్కాలని డాక్టరు చెప్పాడుగా" అంది ఆమె.

"ఏ డాక్టరు?"

"టీవీలో."

"టీవీలో డాక్టరు నాకు చెప్పాడా?"

ఇక మాటలతో లాభం లేదని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నలుగురి మధ్య చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన ఎంత కంగారు పడ్డాడంటే, ఎందుకు అని అడగకుండా రెండు అంతస్తులు ఎక్కేశాడు. ఆమె మెట్ల మధ్య సందులోంచి కిందికి తొంగి చూస్తే, అత్తగారు లిఫ్టులోకి వెళ్తోంది. ఆవిడ పక్కన తోపుడు బండి నిండా రాళ్ళ ట్రేలు పెట్టుకుని ఒక లెక్చరరు నిలబడి ఉంది. కళ్ళద్దాలు, చీర అంచుకు సున్నపు దుమ్ము.

"అమ్మా, రాళ్ళ మేడం ఆవిడే" అని కూతురు గుసగుసగా అంది.

మూడో అంతస్తు చేరేసరికి గోడలోంచి ఠక్కుమని చప్పుడైంది. సూపర్‌వైజరు మెట్టు మీదే ఆగి, తల ఒక పక్కకు వంచాడు.

"ఆగిపోయింది. మూడుకీ నాలుగుకీ మధ్య" అన్నాడు. చెయ్యి వదిలించుకున్నాడు. "మా అమ్మ అందులో ఉంది కదూ?"

తల్లి ఇరుక్కుందన్న ఆదుర్దా ఒక కంట్లో, లిఫ్టు దొరికిందన్న ఆనందం ఇంకో కంట్లో కనిపించాయి. వాచ్‌మన్ తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మిద్దె మీద మెషీన్ రూము తెరిపించి సూపర్‌వైజరు మెయిన్ స్విచ్ ఆపాడు. ఆగిన లిఫ్టును చేత్తో దించడానికి ఇద్దరు కావాలి: ఒకరు బ్రేకు మీట పట్టుకోవాలి, ఒకరు చక్రం తిప్పాలి. వాచ్‌మన్ మూడో అంతస్తు తలుపు దగ్గర ఉండాలి. కూతురు తలుపు సందులోంచి నానమ్మకు ధైర్యం చెబుతోంది. గైడు అమ్మాయి ఏడుస్తోంది.

"నువ్వు పట్టు" అన్నాడు భార్యతో.

ఆమె చీర కొంగు బిగించి చక్రం పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు పూర్తిగా తన చేతుల్లోకి రావడం ఇదే మొదటిసారి అనిపించింది.

"కిందికి. మెల్లగా. రాళ్ళ బరువుకు అదే దిగుతుంది, నువ్వు పట్టి ఉంచితే చాలు."

లిఫ్టు దారి గొట్టంలోంచి అత్తగారి గొంతు గంభీరంగా వినిపించింది. "ఒరేయ్, కంగారు పడకు. ఈవిడ నాకు రాయి చూపిస్తోంది. దీని వయసు రెండు వందల కోట్ల ఏళ్ళట. మోకాళ్ళు లేవు కాబట్టి బతికిపోయింది."

సూపర్‌వైజరు ఒక చేత్తో మీట పట్టుకుని, రెండో చేతి వేళ్ళు మడుస్తూ తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తాళ్ళు ఎండిపోయాయి. బ్రేకు అరిగిపోయింది. మెషీను కింద నూనె మడుగు కట్టింది. ఎనిమిది దాకా వచ్చి, "ఇక చాలు. ఈ కాలేజీ కూడా అయిపోయినట్టే. పద, అమ్మను దించుకుని ఇంటికి పోదాం" అన్నాడు.

ఆమె గుండె జారిపోయింది. చక్రం మాత్రం జారనివ్వలేదు. కింద వాచ్‌మన్ "సరిపోయిందండీ" అని కేకేశాడు. ఆయన మీట వదిలాడు. ఆమె నడుము సవరించుకుంటూ తలెత్తితే, ఎదురుగా గోడకు మేకుకు తగిలించి ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు ఉంది. పైన కంపెనీ ముద్ర. రోజూ ఆయన భోజనం డబ్బా పెట్టుకెళ్ళే సంచీ మీద ఉండే ముద్రే అది. కింద గళ్ళు. నెలనెలా తేదీ, దాని పక్కన "అన్నీ సవ్యం", ఆ పక్కన సంతకం.

ఆమె చదివింది. ఆఖరి గడి మళ్ళీ చదివింది.

"ఏమండీ, పోయిన నెల పద్నాలుగో తారీఖున మీరు ఇక్కడికొచ్చారా?"

"నేనెందుకొస్తాను?"

"అదే అనుకున్నాను. పద్నాలుగున మీకు నూట రెండు జ్వరం. రెండు దుప్పట్లు కప్పాను."

ఆయన వచ్చి కార్డు చూశాడు. తన సంతకం మీద వేలు పెట్టాడు.

"నెలాఖరుకు కార్డులన్నీ ఒకేసారి నా బల్ల మీదికొస్తాయి" అన్నాడు చివరికి. "నలభై దాకా. మెకానిక్కులు చూశామంటారు. నేను సంతకం పెడతాను."

"చూడకుండా."

"వాళ్ళు చూశారనుకుని."

"వాళ్ళు చూశారా?"

ఆయన నూనె మడుగు వైపు చూశాడు. అప్పుడే వాచ్‌మన్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. "ఇద్దరూ క్షేమంగా దిగారు సార్. మీరు దేవుడిలా వచ్చారు. ఆ కంపెనీవాళ్ళకు మా ఆఫీసు గుమాస్తా పదమూడు ఉత్తరాలు రాశాడు. ఒక్కో ఉత్తరానికి నకలు, పోస్టు రసీదు, అన్నీ ఫైల్లో కుట్టి పెట్టాడు. ఒక్కడంటే ఒక్కడు తొంగి చూడలేదు సార్. వాళ్ళలో ఒక్కడు దొరికితే ఈ చక్రానికి కట్టాలి."

"కట్టాలి" అన్నాడు సూపర్‌వైజరు నీరసంగా.

వాచ్‌మన్ వెళ్ళాక ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. "పదమూడు ఉత్తరాలంటే వీళ్ళు పట్టించుకున్నట్టేనండి. పట్టించుకోనిదల్లా..."

"పూర్తి చెయ్యకు" అన్నాడాయన.

ఆమె పూర్తి చెయ్యలేదు. చేతిసంచీలోంచి ఫారం తీసి, కలంతో సహా ఆయన ముందు పెట్టింది. నాలుగు దాటి పది నిమిషాలైంది.

నాలుగో అంతస్తు వరండాలో ఒక బెంచీ మీద అందరూ చేరారు. కూతురి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎనిమిది తప్పుల సంగతి మెట్ల మీదనే విన్నది కానీ, కార్డు సంగతి ఇంకా వినలేదు. తండ్రి కలం మూత తీశాడు. సంతకం చేస్తాడనుకున్నారు. చెయ్యలేదు. మొదటి పేజీ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. అడుగున చీమల్లా ఉన్న అక్షరాలు కూడా వదల్లేదు. చదివిన ప్రతి లైను కిందా వేలు పెట్టాడు. ఇన్నాళ్ళలో ఆయన ఒక కాగితాన్ని ఇలా చదవడం ఆమె చూడలేదు. చూడాలని కోరుకుంది నిజమే. ఐదింటికి ఆఫీసు మూసేసే రోజున మాత్రం కాదు.

"ఇదేంటి?" అని వేలు ఆపాడు. "ఏడాదికి నెల రోజులు కొండల్లో, క్వారీల్లో ఉండి పని నేర్చుకోవాలట."

తల్లికి కూడా ఈ సంగతి తెలియదు. కూతురు వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది.

"చెబితే పంపరనుకున్నాను" అంది.

"గుడారాల్లో ఉండాలా?"

"గుడారాల్లోనే, నాన్నా."

గోడ గడియారం నాలుగూ ముప్పై ఐదు చూపిస్తోంది. తల్లికి ఒక్క క్షణం ఫారం వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆ పిల్ల ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. తను దగ్గరుండి మెట్లెక్కించి, చక్రం తిప్పి సంపాదించిన సంతకం ఇదా అనుకుంది. ఫారం మీదికి చెయ్యి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"వెళ్ళనీరా" అంది అత్తగారు. ఆవిడ చేతిలో రాళ్ళ మేడం ఇచ్చిన నల్లరాయి ఒకటి ఉంది. "ఈ మేడం కూడా వాళ్ళతోనే ఉంటుందట. పదిహేడేళ్ళుగా తీసుకెళ్తోంది, ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోలేదట. నేను అడగాల్సినవన్నీ లోపల అడిగేశాను. అక్కడ తేళ్ళుంటాయంది, పాములుంటాయంది. ఏదీ దాచలేదు." రాయిని ఒళ్ళో పెట్టుకుని, "అన్నిటికంటే ముఖ్యం, కొండల్లో లిఫ్టులుండవు" అంది.

సూపర్‌వైజరు తలొంచుకుని సంతకం పెట్టాడు. తేదీ కూడా ఆ రోజుదే వేశాడు.

ఆఫీసులో గుమాస్తా ఫారం తిప్పి తిప్పి చూసి, నాలుగూ యాభై రెండుకు ముద్ర కొట్టి, రసీదు చింపి అమ్మాయి చేతికిచ్చాడు. రసీదు కూతురి చేతిలో పడేదాకా సూపర్‌వైజరు నోరు విప్పకపోవడం భార్య గమనించింది. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "ఇంకో మాటండీ. నేను ఆ లిఫ్టు కంపెనీ మనిషిని" అన్నాడు.

గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు. లేచి వెళ్ళి బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశాడు. "మీరు ఉండండి" అని ఆయనతో, "మీరు బయట కూర్చోండమ్మా" అని ఆడవాళ్ళతో చెప్పి తలుపు వేశాడు.

లోపలినుంచి గుమాస్తా గొంతు ఒక్కటే వినిపించింది. మొదటి ఉత్తరం నుంచి వరసగా చదువుతున్నాడు, "అయ్యా" దగ్గర మొదలుపెట్టి "ఇట్లు" దాకా. మధ్యమధ్య సూపర్‌వైజరు "అవునండీ, అవునండీ" అంటున్నాడు.

"నాన్నను ఎందుకు తిడుతున్నారమ్మా?" అంది కూతురు.

"తిట్టడం లేదు. చదువుతున్నారు" అంది తల్లి.

ఐదున్నరకు ఆయన బయటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉన్నా నడకలో పాత మెకానిక్కు కనిపించాడు. చొక్కా చేతులు అప్పటికే మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"మాటిచ్చాను. వచ్చే మంగళవారం నుంచి నేనే వస్తాను. ఎవర్నీ పంపను. ప్రతి మంగళవారం."

రసీదు మడుస్తున్న కూతురు ఆగిపోయింది. "ప్రతి మంగళవారమా? నేను చదివే నాలుగేళ్ళూనా?"

"లిఫ్టు ఉన్నన్నాళ్ళూ."

"నాన్నా, లిఫ్టు దగ్గరే ఉంటావుగా? క్లాసుల వైపు రావుగా?"

"నాకేం పని అక్కడ" అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని. "నా పనంతా మెషీన్ రూములో. మీ క్లాసుకు సరిగ్గా పైన."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి అత్తగారి చెయ్యి పట్టుకుని, ముందుకు చూస్తూ మెట్లు దిగడం మొదలుపెట్టింది.